హౌసింగు మార్చాక వచ్చే శబ్దం: క్రౌన్ విప్పే ముందు చూడవలసినవి

పాత జీపుకు వెనుక యాక్సిల్ హౌసింగు మార్చిన రోజే కొత్త శబ్దం మొదలైతే షెడ్డులో వినిపించే మొదటి మాట ‘క్రౌన్ పోయింది’. రెండో మాట ‘విప్పి చూద్దాం’. విప్పుతారు. పినియన్ నట్టు ఊడుతుంది, షిమ్ములు అటూ ఇటూ మారతాయి, కొత్త బేరింగులు పడతాయి. మూసి రోడ్డెక్కితే శబ్దం అలాగే ఉంటుంది, లేదా అంతకు ముందు లేని మరో కూత తోడవుతుంది. యజమానికి ఖర్చు, బాగున్న పళ్ల జతకు చేటు. ఈ విషయంలో చెవిని నమ్ముకున్న మేస్త్రీల అనుభవం ఉంది, తయారీ సంస్థల సర్వీసు పుస్తకాలు ఉన్నాయి, తిరుగుళ్లు లెక్కగట్టి శబ్దాన్ని కొలిచేవాళ్ల పద్ధతీ ఉంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటే: క్రౌన్ విప్పడం చివరి పని. మార్పిడిలో ఏవేవి కదిలాయో, శబ్దం ఏ తిరుగుడుతో కలిసి నడుస్తోందో తేలకుండా పానా పట్టకూడదు.

మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టింది. ఆ వంశానికి చెందిన బండ్లు ఏజెన్సీ ఘాట్లలో, పొలం దారుల్లో, సరదా కోసం జీపు నిలుపుకున్నవాళ్ల ఇళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. వాటికి హౌసింగు మార్చడానికి కారణాలు మామూలువే. ట్యూబు వంగిపోవడం, క్రౌన్ పళ్లు రాలడం, బలమైన ఇంజను పెట్టినందుకు బలమైన హౌసింగు కావాలనుకోవడం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సామాన్ల కొట్టులో దొరికే హౌసింగు ఏ బండిదో, లోపల ఎన్ని పళ్లున్నాయో, ఎన్ని వానాకాలాలు ఆరుబయట పడి ఉందో అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. శబ్దం కథ సగం అక్కడే మొదలవుతుంది.

అందుకే మొదటి పరీక్ష పళ్ల లెక్క. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపు వెనుక నిష్పత్తి 4.88, అంటే పెద్ద పళ్ల చక్రమైన క్రౌన్‌కు 39 పళ్లు, దాన్ని తిప్పే పినియన్‌కు 8. తర్వాత వచ్చిన సీజే జీపుల్లో 5.38 వాడారు, అంటే 43కు 8. బయటికి రెండు హౌసింగులూ ఒకే తీరుగా కనిపించవచ్చు. ముందు 4.88 ఉన్న బండికి వెనుక 5.38 పడితే రెండు చక్రాల లాగుడులో తేడా పెద్దగా తెలియదు. నాలుగు చక్రాల లాగుడు వేసిన క్షణం తెలుస్తుంది. రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతుంటే ముందు చక్రాలు వెనుకవాటికంటే 10 శాతం ఎక్కువ దూరం పోవాలనుకుంటాయి. ఎండిన రోడ్డు మీద టైరు జారదు కాబట్టి ఆ బిగువంతా షాఫ్టుల్లో, ట్రాన్స్‌ఫర్ కేసులో పేరుకుని ఉన్నట్టుండి ధణ్‌మని విడిపోతుంది. ఆ చప్పుడుకు క్రౌన్ సర్దుబాటుతో సంబంధం లేదు. చక్రాన్ని చేత్తో తిప్పి షాఫ్టు చుట్లు లెక్కపెడితే ఖర్చు లేకుండా తెలిసే సంగతి ఇది. ఒక చక్రం కదలకుండా పట్టుకుని రెండోదాన్ని రెండు చుట్లు తిప్పాలి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి.

శబ్దాన్ని తిరుగుడుతో జతచేసే పద్ధతికీ ఈ పళ్ల లెక్కే పునాది. జీపుకు సాధారణంగా వేసే 16 అంగుళాల టైరు ఒక చుట్టుకు సుమారు 2.25 మీటర్లు పోతుందనుకుందాం. గంటకు 60 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు 7 చుట్లకు కాస్త పైగా తిరుగుతుంది. 5.38 నిష్పత్తితో షాఫ్టు దాదాపు 40 చుట్లు తిరుగుతుంది. షాఫ్టు చివర క్రాస్ జాయింటు కోణం చెడితే కుదుపు చుట్టుకు రెండుసార్లు వస్తుంది కాబట్టి అది సెకనుకు 80. క్రౌన్ పళ్లు పినియన్ పళ్లతో కలిసేది సెకనుకు 318 సార్లు. నాలుగు సంఖ్యలూ ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయో గమనించండి. చక్రం, టైరు, బ్రేకు డ్రమ్ము బ్యాలెన్సు తప్పితే సీటు ఊగుతుందే తప్ప చెవికి వినిపించదు. షాఫ్టు బ్యాలెన్సు తప్పితే అరికాళ్లకు నేల దడదడలాడుతుంది. కోణం తప్పితే చెవుల్లో హోరు. పళ్ల కలయిక బాగాలేకపోతే నిజమైన కూత, రెండున్నర శ్రుతికీ మూడు శ్రుతికీ నడుమ పలికే స్పష్టమైన స్వరం. ఈ రోజుల్లో ఫోనులోనే పౌనఃపున్యం చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. పక్కన ఒకరు కూర్చుని స్థిరమైన వేగంలో చూస్తే చాలు. సంఖ్య 80 దగ్గర నిలబడి ఉంటే క్రౌన్ కవరు బోల్టు ముట్టుకోనవసరం లేదు.

చెవిని నమ్మే మేస్త్రీలు దీన్ని పుస్తకపు లెక్క అంటారు. కానీ వాళ్ల పద్ధతికీ దీనికీ గొడవ లేదు. వాళ్లు చూసేది బరువు మారినప్పుడు శబ్దం ఎలా మారుతుందో. ఎక్సలరేటర్ తొక్కి బండి లాగుతున్నప్పుడు, పూర్తిగా వదిలి ఇంజను బండిని ఆపుతున్నప్పుడు, ఆ రెండింటి నడుమ బండి లాగనూ లాగక ఆగనూ ఆగక సాగుతున్నప్పుడు విడివిడిగా వినాలి. లాగేటప్పుడు మాత్రమే కూస్తే పళ్ల ముందువైపు కలయిక. వదిలినప్పుడు మాత్రమే కూస్తే వెనుకవైపు కలయిక, లేదా పినియన్ ముందు చివరి బేరింగులో బిగువు పోవడం. తొక్కినా వదిలినా ఒకే తీరుగా గరగరమంటే బేరింగు. మలుపులోనే వచ్చి తిన్నగా పోతే ఆగేది లోపలి స్పైడర్ గేర్లు, లేదా చక్రం బేరింగు. తొక్కిన క్షణం ఒక్కసారి టక్కుమని ఊరుకునేది జాయింటు లూజు, యూ బోల్టుల లూజు, స్లిప్ జాయింటు అరుగుదల, లేదా పళ్ల నడుమ ఎక్కువ సందు. ఖాళీగా, సమతలంగా ఉన్న రోడ్డు మీద 60 నుంచి న్యూట్రల్ వేసి చూడడం మరో మంచి పరీక్ష. ఇంజను మాత్రం ఆపకూడదు. వేగం తగ్గేకొద్దీ శబ్దం కూడా మెల్లగా దిగుతూ వస్తే అది చక్రాల వైపుది. న్యూట్రల్ పడగానే మాయమైతే ఇంజను, సైలెన్సరు, గేరుబాక్సు చూడాలి. కొత్త హౌసింగు కొంచెం లావైతే సైలెన్సరు గొట్టం దానికి తగులుతూ ఎంత మోసం చేస్తుందో ఆ పని చేసినవాళ్లందరికీ తెలుసు.

టైరు మాట ఇక్కడే చెప్పాలి. హౌసింగుతో పాటు చక్రాలూ మారితే, లేదా ముందువి వెనక్కి వెళితే, గుంటలు గుంటలుగా అరిగిన టైరు సరిగ్గా బేరింగు లాగా హోరుపెడుతుంది. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి ఎక్కగానే శబ్దం మారితే టైరు. రోడ్డు ఏదైనా ఒకే వేగంలో ఒకే స్వరం పలికేది పళ్లు. చక్రం బేరింగును తిన్నగా పోతూ కొంచెం ఎడమకు, కొంచెం కుడికి ఊపుతూ పట్టవచ్చు. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే ఎడమది చూడాలి.

ఇక కోణం సంగతి. హౌసింగు మార్పిడిలో ఎక్కువ శబ్దాలకు మూలం ఇదేననీ, తక్కువ మంది కొలిచేదీ ఇదేననీ నా నమ్మకం. క్రాస్ జాయింటు 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ పరిశీలించిన పాత యంత్రాంగం. క్లారెన్స్ స్పైసర్ 1903లో పేటెంటు తీసుకున్నాక మోటారు బండ్లలో గొలుసు స్థానంలోకి వచ్చింది. దాని స్వభావం హుక్ నాటి నుంచి మారలేదు. ఒకవైపు షాఫ్టు నిలకడగా తిరిగినా, కోణంలో ఉన్న రెండో వైపు ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరికి రెండుసార్లు వెనకబడుతుంది. 3 డిగ్రీల కోణంలో ఆ హెచ్చుతగ్గు 0.14 శాతం. 6 డిగ్రీలకు అది రెట్టింపు కాదు, నాలుగింతలు. 10 డిగ్రీలకు ఒకటిన్నర శాతం. షాఫ్టు రెండో చివర మరో జాయింటు అంతే కోణంలో ఉంటే ఆ తప్పును దిద్దుతుంది. అందుకే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వచ్చే కడ్డీ, పినియన్ కడ్డీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. రెండు కోణాల నడుమ తేడా 1 డిగ్రీ దాటకుండా, ఒక్కో కోణం వీలైతే 3 డిగ్రీల లోపు ఉండాలని షాఫ్టులు చేసేవాళ్ల సాధారణ సూచన. పూర్తిగా సున్నా అయినా మంచిది కాదు. క్రాస్‌లోని సూది బేరింగులు కదలక ఒకే చోట గుంట పడతాయి.

జీపులో ఈ షరతు నిలుపుకోవడం కష్టం. చక్రాల నడుమ దూరమే తక్కువ, వెనుక షాఫ్టు పొట్టిది. అర మీటరు షాఫ్టుకు ఒక చివర 5 సెం.మీ. దిగితే కోణం 5 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. కమాను పట్టీలు ఎత్తుగా వేయించుకుని, అదే వారంలో హౌసింగూ మార్పించి, శబ్దం క్రౌన్‌దే అనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క చూసుకుంటే చాలు. మరో చిక్కు పక్క కోణం. పాత విల్లీస్ తరహా ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక షాఫ్టును మధ్యలో కాక కుడివైపుకు ఇస్తుంది, దానికి తగ్గట్టే అసలు హౌసింగులో క్రౌన్ ఉండే గుండు కూడా కుడివైపుకే ఉంటుంది. గుండు మధ్యలో ఉన్న వేరే హౌసింగు వేస్తే షాఫ్టు పైనుంచి కిందికే కాక పక్కకూ వాలుతుంది. నిలువు కోణం 4 డిగ్రీలు, పక్క కోణం 3 డిగ్రీలు అయితే జాయింటు నిజంగా మోసేది 5 డిగ్రీలు. పక్కనుంచి చూసి కొలిచేవాడికి ఇందులో 4 మాత్రమే కనిపిస్తుంది.

పినియన్ ముక్కు ఎంత దించాలన్నది మేస్త్రీల నడుమ తెగని వాదం. పట్టీల బండిలో ఎక్సలరేటర్ తొక్కితే పట్టీలు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి, నిలబడి ఉన్నప్పుడు 1 లేదా 2 డిగ్రీలు కిందికి చూడాలని ఒక పక్షం. సమాంతరం అంటే సమాంతరమే అని ఇంకో పక్షం. మెత్తని పట్టీలు, బలమైన ఇంజను ఉన్న బండికి మొదటి పక్షం చెప్పేదే సరి. గట్టి పట్టీలతో నెమ్మదిగా తిరిగే బండికి ఆ దింపుడే హోరు తెస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసు వైపు జంట క్రాస్ ఉన్న షాఫ్టు వేస్తే లెక్క పూర్తిగా వేరు. అప్పుడు పినియన్ సమాంతరంగా కాదు, దాదాపు నేరుగా షాఫ్టు వైపే చూడాలి. పాత షాఫ్టు పెట్టి కొత్త నియమం పాటించినా, కొత్త షాఫ్టు పెట్టి పాత నియమం పాటించినా వచ్చేది ఒకే హోరు.

కోణం కొలిచేటప్పుడు బండి బరువు చక్రాల మీదే ఉండాలి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి లేపితే హౌసింగు వేలాడి కోణమంతా మారిపోతుంది. ఆ స్థితిలో ఇంజను నడిపి వినే శబ్దం రోడ్డు మీద వచ్చే శబ్దం కాదు. లేపి వినక తప్పకపోతే స్టాండ్లు హౌసింగు కిందే పెట్టాలి. ఒక చక్రం ఆగి రెండోది తిరుగుతుంటే స్పైడర్ గేర్లు విపరీతంగా తిరుగుతాయి కాబట్టి వేగం పెంచకూడదు. తిరిగే షాఫ్టు పక్కన వదులు బట్టలతో ఎవరూ ఉండకూడదు.

పట్టీలు కూర్చునే దిమ్మెలను కొత్త హౌసింగుకు వెల్డింగు చేయడం ఇంకో ఘట్టం. కోణం చూసుకుని ముందు చుక్కలు మాత్రమే పెట్టి, బండి దింపి, మళ్లీ కొలిచి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగు. తొందరలో ఒకే ఊపున చుట్టూ కాలిస్తే, చల్లారేటప్పుడు వెల్డింగు ఉన్న వైపుకు ట్యూబు ముడుచుకుని చివరలు అటు వంగుతాయి. కంటికి కనిపించని ఆ వంపు యాక్సిల్ రాడ్డును చివర బేరింగులో ఓరగా నిలబెడుతుంది. సీలు కారుతుంది, బేరింగు కొన్ని నెలల్లో గరగరమంటుంది. కొత్త బేరింగు వేస్తే అదీ అంతే. వరుసగా రెండో బేరింగు పోయిందంటే మూడోది కొనే ముందు ట్యూబు తిన్నదనం చూడాలి. లేత్ మీద తిప్పిన బిళ్లలు రెండు చివరలా పెట్టి, వాటి గుండా తిన్నని కడ్డీ దూరుతుందో లేదో చూస్తే తేలిపోతుంది.

షాఫ్టు బిగింపు కూడా అంతే ముఖ్యం. పినియన్ ఫ్లాంజి మధ్యలో ఉండే ఉబ్బు, షాఫ్టు ఫ్లాంజిలోని గుంటలో బిర్రుగా కూర్చోవాలి. షాఫ్టును మధ్యకు తెచ్చేది అదే, బోల్టులు కావు. వేరే బండి హౌసింగు అయితే బోల్టు రంధ్రాలు కలిసినా ఆ ఉబ్బు కొలత కలవకపోవచ్చు. అర మిల్లీమీటరు పక్కకు కూర్చున్నా సెకనుకు 40 చుట్లు తిరిగే షాఫ్టు నేలను అదరగొడుతుంది. స్లిప్ జాయింటు విడదీసి మళ్లీ దూర్చేటప్పుడు ఒక గాడి తప్పినా రెండు చివరల ఫోర్కులు ఒకే వరుసలో ఉండవు, జాయింట్లు ఒకదాని తప్పును మరొకటి దిద్దలేవు. విప్పే ముందు సుద్దతో గీత గీస్తే ఈ బాధ రాదు.

ఇన్ని చూశాక కూడా కూత మిగిలితే, ఆ కూత పౌనఃపున్యం పళ్ల లెక్కకు సరిపోతే, అప్పుడు కవరు విప్పాలి. ఈ పళ్లు హైపాయిడ్ తరహావి. పినియన్ కేంద్రం క్రౌన్ కేంద్రం కంటే కిందికి ఉంటుంది. అమెరికాలో ప్యాకర్డ్ కార్లు 1920ల్లో మొదలుపెట్టిన ఈ ఏర్పాటుతో షాఫ్టు కిందికి దిగింది, నడక నిశ్శబ్దమైంది, పళ్లు బలపడ్డాయి. బదులుగా పళ్లు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ జారతాయి. అందువల్ల రెండు కట్టుబాట్లు. క్రౌన్, పినియన్ కర్మాగారంలో కలిపి నూరిన జత కాబట్టి ఒక హౌసింగు క్రౌన్‌ను ఇంకో హౌసింగు పినియన్‌తో కలపకూడదు. రెండింటి మీదా చెక్కిన జత సంఖ్య ఒకటేనా అని చూసుకోవాలి. రెండోది, జీఎల్-5 స్థాయి గేరాయిలే పోయాలి.

పళ్ల ముద్ర చూడడానికి సిందూరం గానీ నీలం రంగు గానీ నూనెలో కలిపి కొన్ని పళ్లకు పూసి, చక్రానికి కొంచెం బ్రేకు పట్టి, పినియన్‌ను రెండు వైపులా తిప్పాలి. ముద్ర పంటి పైఅంచు దగ్గర పడితే పినియన్ క్రౌన్‌కు దూరంగా ఉంది, దగ్గరకు తేవాలి. పంటి మొదట్లో పడితే లోపలికి ఎక్కువ దిగింది, వెనక్కి తీయాలి. ముద్ర పంటి పొడవునా లోపలి కొసకు జరిగితే క్రౌన్‌ను పినియన్ నుంచి దూరం జరపాలి, బయటి కొసకు జరిగితే దగ్గరకు. సందు సాధారణంగా 0.13 నుంచి 0.20 మి.మీ. మధ్య ఉంచుతారు, డయల్ గేజీ లేకుండా చేసే పని కాదిది. పినియన్ బేరింగుల బిగువు ఇంకా సున్నితం. నలిగి బిగువునిచ్చే గొట్టం ఉన్న హౌసింగుల్లో నట్టు ఎక్కువ బిగించి తర్వాత వదులు చేయడం కుదరదు. ఒకసారి నలిగిన గొట్టం మళ్లీ లేవదు, కొత్తది వేయాల్సిందే. జాయింటు ఫ్లాంజి మార్చడానికి ఆ నట్టు ఊడదీసి, చేతికొద్దీ బిగించి పంపిన బండే వారం తర్వాత కూతతో తిరిగి వస్తుంది.

ఆరుబయట పడి ఉన్న హౌసింగులో మరో లోపం తరచుగా కనిపిస్తుంది. ఆయిలు అడుగుకు దిగి, పైభాగం చెమ్మకు తుప్పు పడుతుంది. బేరింగు రోలర్ల మీద ఒక గీతలా తుప్పు గుంటలు ఏర్పడతాయి. అలాంటిది ఎంత బాగా సర్దినా గరగరమంటుంది. కొనేటప్పుడే కవరు విప్పించి బేరింగులు చూడటం మర్యాద తక్కువ పనేం కాదు.

చిక్కటి ఆయిలు విషయంలో నాది గట్టి అభిప్రాయం. 80డబ్ల్యూ-90 చెప్పిన చోట 140 పోస్తే కూత కొంత తగ్గవచ్చు, అరుగుదల ఆగదు. ఒకప్పుడు పాత బండ్లు అమ్మేవాళ్లు రంపపు పొట్టు కలిపి శబ్దం దాచేవారు. కొన్నవాడు పదిరోజుల్లో మోసం తెలుసుకునేవాడు. ఘాట్లలో బరువు మోసే బండికి తయారీదారే చిక్కటిది చెబితే అది వేరు. శబ్దం దాచడానికి మాత్రం వద్దు.

చివరి వివాదం పాత పళ్ల గురించి. వేల కిలోమీటర్లు ఒక సర్దుబాటులో తిరిగి ఒకదానికొకటి అలవాటుపడిన జతను పుస్తకంలోని కొలతకు తెచ్చి కూర్చోబెట్టాలా, ఉన్నట్టే వదిలేయాలా? పుస్తకం కొలత కొత్త పళ్లకు రాసింది. పాత జత విప్పక తప్పకపోతే విప్పే ముందే సందు కొలిచి, ముద్ర తీసి పెట్టుకుని, మళ్లీ అక్కడికే తేవడం మేలు. కొత్త కొలతకు లాగితే అరగని అంచు మీద పళ్లు కూర్చుని అంతకు ముందు లేని కూత పుడుతుంది. ముద్ర పంటి మధ్యలో ఉండి, డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని పేస్టు తప్ప రేకులు అంటకుండా, ముప్పై నలభై కిలోమీటర్లు నడిచాక పినియన్ ముక్కు దగ్గర చెయ్యి ఆన్చగలిగేంత వేడే ఉండి, ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే సన్నగా కూస్తే ఆ హౌసింగు చాలాకాలం పని చేస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు. అదే కూత నెలనెలా వెడల్పయి, 50 కి.మీ. వేగం దగ్గర మొదలైనది 40 నుంచి 70 దాకా పాకితే, లేదా అయస్కాంతానికి ఇనుప రేకు కనిపిస్తే, అదే వారం విప్పాలి. కొత్త జత వేస్తే మొదట పాతిక కిలోమీటర్లు తేలిగ్గా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి. తర్వాత మొదటి 800 కి.మీ. బరువు లాగించకుండా తిప్పి, ఆయిలు మార్చి, ఆ ఆయిల్లో ఏం వచ్చిందో వెలుతురులో చూడాలి.